వీల్‌చెయిర్ తోసే చేతికి భుజం నొప్పి ఎందుకొస్తుంది? చేతి కదలిక, కుర్చీ అమరిక, వాలు చెప్పే లెక్కలు

రెండేళ్ల కిందట సంక్రాంతికి హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర మా బాబాయి వాళ్లింటికి వెళ్లాను. ఆయన అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. దువ్వెన తల దగ్గరికి రావడం లేదు, తలే దువ్వెన దగ్గరికి వంగుతోంది. నేను చూడటం చూసి చెప్పాడు: "కుడి జబ్బ పట్టేసిందమ్మా. కాళ్లు పోయి పదకొండేళ్లయింది, వాటికి అలవాటు పడ్డాను. ఇది కూడా పోతే మంచం మీంచి కుర్చీలోకి ఎట్లా మారేది?"

బాబాయిలా వెన్నుపాముకు దెబ్బ తగిలి వీల్‌చెయిర్ వాడుతున్న వాళ్లలో భుజం నొప్పి చాలా మామూలు. ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు, ఎలా అడిగారు అన్నదాన్ని బట్టి అధ్యయనాల అంకెలు మారుతుంటాయి గానీ, సుమారుగా ప్రతి ముగ్గురిలో ఒకరి నుంచి ఇద్దరి దాకా ఏదో ఒక దశలో ఈ నొప్పి పడతారు. నడిచేవాళ్లకు భుజం నొప్పెడితే నాలుగు రోజులు చేతికి రెస్ట్ ఇస్తారు. బాబాయికి ఆ వీలు లేదు. బాత్‌రూమ్‌కి వెళ్లాలన్నా ఆ చెయ్యే తోయాలి.

మా తమ్ముడు ఆయన ఫోన్‌కి వీడియోలు పంపాడు. ఒకదాంట్లో చెయ్యి చక్రం కిందికి వదిలేసి గుండ్రంగా తిప్పమన్నారు. ఇంకోదాంట్లో చెయ్యి చక్రం పక్కనుండే రింగు మీంచి తియ్యకుండా చిన్న చిన్నగా తోయమన్నారు. మూడోదాంట్లో అసలు తోయడమే తగ్గించి మోటారు పెట్టించుకోమన్నారు. మూడు మాటల వెనకా కారణాలున్నాయి. అవి ఒకదానికొకటి ఎందుకు అడ్డొస్తున్నాయో తెలియాలంటే ముందు భుజం దగ్గర మొదలుపెట్టాలి.

భుజం కీలు బరువు మోయడానికి పుట్టింది కాదు

తొడ ఎముక తల తుంటి గుంటలోకి లోతుగా దిగి ఉంటుంది, రోట్లో రోకలి దిగినట్టు. అందుకే ఒళ్లంతా మోసినా చెదరదు. భుజం కీలు అలా ఉండదు. లోతులేని సాసర్‌కి బత్తాయిని ఆనించి పట్టుకున్నట్టు, చేతి ఎముక గుండ్రటి తల రెక్క ఎముక అంచుకి ఆనుకుని ఉంటుంది, అంతే. చెయ్యి పైకీ కిందికీ వెనక్కీ అన్ని వైపులా తిరగగలిగేది అందుకే. ఆ స్వేచ్ఛకి బదులుగా స్థిరత్వం పోయింది. బత్తాయి జారకుండా పట్టి ఉంచే పని నాలుగు చిన్న కండరాలది. ఈ నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు.

వీటిలో అన్నిటికన్నా పైన ఉన్న కండరం తాలూకు స్నాయువు ఒక ఇరుకు సందులోంచి వెళ్తుంది. స్నాయువు అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాడులాంటిది. మన ఇళ్లలో "నరం పట్టేసింది" అన్నప్పుడు చాలాసార్లు పట్టేసేది నరం కాదు, కండరమో ఇలాంటి స్నాయువో. పైన రెక్క ఎముక కొన కప్పులా ఉంటుంది, కింద చేతి ఎముక తల ఉంటుంది. రెంటికీ మధ్య సందు సుమారు ఒక సెంటీమీటరు. చేతి ఎముక తల కొంచెం పైకి తోసుకొచ్చినా, చెయ్యి పక్కకి ఎత్తి లోపలికి తిప్పినా ఆ సందు ఇంకా ఇరుకవుతుంది. స్నాయువు నలుగుతుంది. రోజూ వేలసార్లు నలిగితే వాస్తుంది, కొన్నేళ్లకి పీచులు తేలుతుంది, కొందరిలో తెగుతుంది కూడా.

వీల్‌చెయిర్ తోసేటప్పుడు ఇంకోటి జరుగుతుంది. ముందుకి తోసే పనంతా ఛాతీ కండరాలది, భుజం ముందువైపు కండరాలది. అవి ఏళ్ల తరబడి బలపడుతూ ఉంటాయి. రెక్క ఎముకని వెనక్కి లాగి పట్టే వీపు కండరాలకి, చేతిని బయటికి తిప్పే కండరాలకి అంత పని దొరకదు. దాంతో భుజాలు ముందుకి వంగుతాయి, ఆ సందు ఇంకా తగ్గుతుంది. బాబాయి ఫొటోలు వరసగా చూస్తే ఇది మాకే కనిపించింది. పదేళ్ల కిందటి ఫొటోలో ఛాతీ విప్పారి ఉంది, ఇప్పుడు భుజాలు రెండూ గడ్డం కిందికి వచ్చి చేరాయి.

ఒక్కసారి తోయడంలో రెండు భాగాలు

చక్రాన్ని గడియారం అనుకుందాం. కుర్చీ కుడివైపుకి వెళ్తున్నట్టు పక్కనుంచి చూస్తున్నాం. పెద్ద చక్రం పక్కనే ఉండే స్టీలు రింగుని చెయ్యి పట్టుకునేది పదకొండు గంటల దగ్గర. వదిలేది రెండు దగ్గరో మూడు దగ్గరో. ఇది తోసే దశ. వదిలిన చోటి నుంచి చెయ్యి మళ్లీ పదకొండు దగ్గరికి తిరిగి రావాలి. ఇది తిరుగు దశ. తోసే దశలో చెయ్యి ఎక్కడికి పోవాలో రింగే నిర్ణయిస్తుంది, మన ఇష్టం ఏమీ లేదు. తిరుగు దశలో మాత్రం చెయ్యి గాల్లో ఉంటుంది. టెక్నిక్ పేర్లన్నీ పుట్టింది ఈ తిరుగు దారిని బట్టే.

మొదటిది ఆర్క్. చెయ్యి వెళ్లిన దారినే, రింగుని దాదాపు రాసుకుంటూ వెనక్కి వస్తుంది. రెండోది సింగిల్ లూప్. వదిలాక చెయ్యి రింగుకి పైగా లేచి వెనక్కి వచ్చి దిగుతుంది. డబుల్ లూప్‌లో ముందు పైకి లేచి, తర్వాత రింగు కిందికి దిగి, అక్కణ్నుంచి వెనక్కి వస్తుంది, పక్కకి పడుకోబెట్టిన ఎనిమిది అంకెలాగా. నాలుగోది సెమీ సర్క్యులర్, అంటే అర్ధవృత్తం. వదలగానే చెయ్యి బరువుకి అదే కిందికి జారి, ఇరుసు పక్కనుంచి ఊగుతూ వెనక్కి వచ్చి రింగుని అందుకుంటుంది. ఉయ్యాల వెనక్కి వచ్చినట్టు ఉంటుంది ఆ కదలిక. ఎక్కడా ఆగి, దిశ మార్చుకుని మళ్లీ బయల్దేరడం ఉండదు.

అమెరికాలో 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 38 మంది వీల్‌చెయిర్ వాడేవాళ్లని పరీక్షిస్తే, అన్నిటికన్నా ఎక్కువమంది వాడుతున్నది సింగిల్ లూప్. అలా తోయమని ఆ పరీక్షలో వాళ్లకి ఎవరూ చెప్పలేదు, చెయ్యి తనంతట తాను ఎంచుకుంది. అర్ధవృత్తం వాడేవాళ్లు మాత్రం నిమిషానికి తక్కువసార్లు తోస్తున్నారు, ప్రతిసారీ చెయ్యి రింగు మీద ఎక్కువసేపు ఉంటోంది.

సుద్దపొడి పూసి చూస్తే

బాబాయి ఏ పద్ధతిలో తోస్తున్నాడో ఆయనకే తెలియదు. అడిగితే "మామూలుగా" అన్నాడు. పిన్ని దగ్గర ట్యూషన్ పిల్లల సుద్దముక్కలుంటే ఒకటి నలిపి ఆయన అరచేతులకి పూశాను. హాల్లో టైల్స్ మీద ఒక్కసారి తోసి చేతులెత్తెయ్యమన్నాను. స్టీలు రింగు మీద తెల్లటి మరక పడింది. గడియారంలో పన్నెండు దగ్గర మొదలై రెండు దాటగానే ఆగిపోయింది. పిన్ని కుట్టుమిషన్ టేపుతో కొలిస్తే 32 సెంటీమీటర్లు.

ఆ రింగు వ్యాసం 53 సెంటీమీటర్లు, చుట్టుకొలత 166. అందులో 32 అంటే దాదాపు 70 డిగ్రీలు. పెద్ద చక్రం వ్యాసం 24 అంగుళాలు, అంటే 61 సెంటీమీటర్లు. చక్రం 70 డిగ్రీలు తిరిగితే కుర్చీ 37 సెంటీమీటర్లు కదులుతుంది. అంతవరకే చెయ్యి తోస్తోంది, మిగతాది ఊపు మీద దొర్లడమే. ఊపుతో కలిపి ఒక్కసారికి 80 సెంటీమీటర్లు వస్తుందనుకుందాం. కిలోమీటరుకి 1,250 సార్లు తోయాలి. రోజంతా ఇంట్లో, వీధిలో కలిపి రెండు కిలోమీటర్లు తిరిగితే 2,500 సార్లు. అదే ఒక్కసారికి 110 సెంటీమీటర్లు వచ్చేలా పొడుగ్గా తోయగలిగితే రోజుకి 1,820 చాలు. తేడా రోజుకి 680, నెలకి ఇరవై వేలు. ఆ స్నాయువు నెలకి ఇరవై వేలసార్లు తక్కువ రాసుకుంటుంది.

పొడుగు తోపుడు మేలు అనే వాళ్ల వాదన ఈ లెక్క మీదే నిలబడింది.

అర్ధవృత్తానికి మద్దతు, అభ్యంతరం

ఈ విషయంలో అందరూ చూపించేది 2005లో అమెరికాలో పారలైజ్డ్ వెటరన్స్ సంస్థ ప్రచురించిన మార్గదర్శకాలు. వెన్నుపాముకు దెబ్బ తగిలినవాళ్లు చేతుల్ని ఎలా కాపాడుకోవాలన్నది అందులో విషయం. తోసే సంఖ్య తగ్గించాలి, తోసే బలం తగ్గించాలి, తోపుడు పొడుగ్గా, కుదుపు లేకుండా ఉండాలి, వదిలాక చెయ్యి రింగు కిందికి జారాలి అంటుంది. చివరి ముక్క చదివితే అర్ధవృత్తమే కళ్లముందు కనిపిస్తుంది.

నెదర్లాండ్స్ పరిశోధకులు ఇంకో వైపు నుంచి వచ్చారు. వాళ్లు చూసింది ఒంటి శక్తి ఎంత ఖర్చవుతోంది, అందులో ఎంత కుర్చీని కదిలిస్తోంది అని. చేత్తో రింగు తోయడం చాలా వృథా పని. మనం ఖర్చు పెట్టే శక్తిలో దాదాపు పదో వంతే, ఒక్కోసారి అంతకన్నా తక్కువే, కుర్చీ కదలికగా మారుతుంది. వీల్‌చెయిర్ అలవాటు లేని వాళ్లతో వాళ్లు చేసిన పరీక్షలో, రింగు మీదే ముందుకీ వెనక్కీ ఆడే చిన్న కదలికకి శక్తి తక్కువ ఖర్చయింది. ఆర్క్‌ని సమర్థించే వీడియోలకి మూలం ఇదే కావచ్చు.

వాళ్లదే ఇంకో పరీక్ష నాకు మరీ ఆసక్తిగా అనిపించింది. రింగుని తోసే బలమంతా రింగు తిరిగే దిశలోనే ఉండాలి, అడ్డంగా పోయే బలం వృథా అని లెక్క ప్రకారం ఎవరైనా అంటారు. 2002లో కొందరికి తెర మీద తమ బలం దిశ చూపిస్తూ అలాగే తోయడం నేర్పారు. నేర్చుకున్నారు కూడా. కానీ వాళ్ల శక్తి ఖర్చు తగ్గలేదు, నేర్పని వాళ్లకన్నా పెరిగింది. చెయ్యి యంత్రం కాదు. మోచేతినీ భుజాన్నీ కలిపి వాడే శరీరానికి తేలికైన దిశ ఒకటుంటుంది, అది కాగితం మీది గీతతో సరిగ్గా కలవదు.

ఇంకో చిక్కు ఉంది. తక్కువసార్లు తోసి అంతే వేగంతో వెళ్లాలంటే ప్రతిసారీ ఎక్కువ గట్టిగా తోయాలి. "సార్లు తగ్గించు" అనే మాటకీ "బలం తగ్గించు" అనే మాటకీ ఇక్కడే గొడవ. రెండూ ఒకేసారి తగ్గాలంటే వేగం తగ్గాలి, లేదా చెయ్యి రింగు మీద ఎక్కువ దూరం ఉండాలి. ఎక్కువ దూరం కావాలని చెయ్యి బాగా వెనక్కి, పదింటి దాకా తీసుకెళ్తే భుజం వెనక్కి విరుచుకుని లోపలికి తిరుగుతుంది. అది భుజానికి సుఖమైన స్థితి కాదు. కాబట్టి పొడవు పెంచుకోవాల్సింది వెనకవైపు బలవంతంగా కాదు, ముందుకీ కిందికీ.

నాకు తోచినంతవరకు రెండు పక్షాలూ ఒకే ప్రశ్నకి జవాబు చెప్పడం లేదు. ఆయాసం తగ్గడం ఒక ప్రశ్న, ఇరవై ఏళ్ల తర్వాత కూడా భుజం పనిచెయ్యడం ఇంకో ప్రశ్న. బాబాయి లాంటివాళ్లు అడుగుతున్నది రెండోది. దానికి అర్ధవృత్తం వైపే మొగ్గు ఎక్కువగా ఉంది. అయితే ఈ పరీక్షల్లో చాలావాటిలో మనుషులు తక్కువ, జరిగింది ల్యాబ్‌లో ట్రెడ్‌మిల్ లాంటి యంత్రాల మీద, నున్నటి నేల మీద. గుంతలూ మ్యాన్‌హోల్ మూతలూ ఉన్న కాప్రా గల్లీలో తోసినప్పుడు ఏమవుతుందో అవి నేరుగా చెప్పవు.

కుర్చీ దిగనిస్తేనే చెయ్యి కిందికి దిగుతుంది

వీడియో చూసి బాబాయి వారం రోజులు అర్ధవృత్తం ప్రయత్నించాడు. కుదరలేదు. "నా చెయ్యి మొండిది, నేర్చుకోదు" అన్నాడు. చెయ్యి మొండిది కాదని తర్వాత తెలిసింది.

ఆయన కుర్చీ ఆస్పత్రుల్లో రోగిని కూర్చోబెట్టి వేరేవాళ్లు తోసుకెళ్లే రకం. డిశ్చార్జి రోజున హడావిడిగా ఒక మెడికల్ షాపులో కొన్నది. బరువు 18 కిలోలు. సీటు వెడల్పు 18 అంగుళాలు, ఆయన తుంటి వెడల్పు 15. అంటే రెండు వైపులా అంగుళంన్నర ఖాళీ, దానికి తోడు స్థిరంగా ఉండే, చేతులు ఆనించుకునే పట్టీలు. రింగు అందుకోవాలంటే మోచేతులు కోడి రెక్కల్లా పక్కకి తెరుచుకోవాలి. సందుని ఇరుకు చేసే భంగిమ సరిగ్గా అదే.

తర్వాత ఎత్తు. కుర్చీ ఎత్తు సరిపోయిందో లేదో చూడటానికి ఫిజియోలు వాడే గుర్తు ఒకటుంది. చెయ్యి రింగు మీద పన్నెండు దగ్గర పెట్టినప్పుడు మోచేయి దగ్గర పై చేతికీ ముంజేతికీ మధ్య కోణం 100 నుంచి 120 డిగ్రీలు ఉండాలి. పై మార్గదర్శకాల్లోనూ ఇదే అంకె ఉంది. ఇంట్లో చూడాలంటే, చేతులు వేలాడదీస్తే వేళ్ల కొసలు చక్రం ఇరుసుని తాకాలి. బాబాయి వేళ్లు ఇరుసుకి జానెడు పైనే ఆగిపోయాయి. దిండు మీద దిండు వేసుకుని కూర్చుంటే అంతే మరి. రింగు పైభాగమే అందుతున్నప్పుడు చెయ్యి ఏ దారిలో వెనక్కి వస్తుంది? పైనుంచే వస్తుంది. చిన్నగా, వేగంగా, పన్నెండు నుంచి రెండు దాకా.

అన్నిటికన్నా పెద్ద మార్పు తెచ్చేది ఇరుసు ఎక్కడుందన్నది. పాత రకం కుర్చీల్లో పెద్ద చక్రం ఇరుసు వీపు కడ్డీకి సరిగ్గా కిందో, ఇంకా వెనకో ఉంటుంది. కూర్చున్న మనిషి బరువులో ఉండాల్సినదానికన్నా ఎక్కువ భాగం ముందున్న చిన్న చక్రాల మీద పడుతుంది. చక్రం ఎంత చిన్నదైతే దొర్లడానికి అంత మొండికేస్తుంది. 24 అంగుళాల చక్రం కన్నా 8 అంగుళాల చక్రం మూడింతలు మొండికేస్తుందని మోటుగా అనుకుని లెక్క వేద్దాం. బరువులో 40 శాతం ముందు ఉంటే మొత్తం మొండితనం 0.4 × 3 + 0.6 × 1, అంటే 1.8. ఇరుసు ముందుకి జరిపి ముందు బరువుని 20 శాతానికి తెస్తే 0.2 × 3 + 0.8 × 1, అంటే 1.4. తగ్గింపు 22 శాతం.

దీన్ని కుర్చీ బరువుతో పోల్చి చూడాలి. బాబాయి 66 కిలోలు, కుర్చీ 18, మొత్తం 84. 11 కిలోల కుర్చీ కొంటే మొత్తం 77 అవుతుంది. తోయడంలో తగ్గింపు 8 శాతమే. తేలిక కుర్చీ విలువ తోసేటప్పటి కన్నా ఆటోలోకి, కారులోకి ఎత్తేటప్పుడు ఎక్కువ తెలుస్తుంది. 2025లో ఐఐటీ మద్రాస్ విడుదల చేసిన వైడీ వన్ కుర్చీ సుమారు 9 కిలోలేనని వార్తలొచ్చినప్పుడు మా ఇంట్లో అందరూ బరువు గురించే మాట్లాడారు. నేనైతే ముందు అడిగేది ఇరుసు ఎక్కడ, సీటు ఎవరి కొలతకి అని. అలాంటి కుర్చీల అసలు లాభం అదే.

ఇరుసు ముందుకి జరిగితే ఇంకో మేలు కూడా ఉంది. రింగు మనిషి చేతి కిందికి వస్తుంది, చెయ్యి వెనక్కి విరవకుండానే పదకొండు అందుతుంది. అంటే పొడుగు తోపుడు, అర్ధవృత్తం, తక్కువ సంఖ్య, వీటన్నిటికీ తాళంచెవి ఇరుసు దగ్గరుంది. కానీ దానికో ధర ఉంది. బరువంతా వెనక్కి చేరిన కుర్చీ తేలిగ్గా వెల్లకిలా లేస్తుంది. చదును నేల మీద అలవాటైతే ఫర్వాలేదు. వాలు మీద అదే ప్రమాదం.

గేటు ముందు ర్యాంపు: వాలు లెక్క

హైదరాబాద్‌లో వాలు లేని దారి వెతుక్కోవాలి. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ పేర్లలోనే కొండలున్నాయి. మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి గానీ, లిఫ్టు దాకా చేరే ఫుట్‌పాత్ ఎక్కడం వేరే కథ. గల్లీల్లో ప్రతి ఇంటి ముందూ స్కూటరు ఎక్కించడానికి కట్టిన సిమెంటు వాలు ఉంటుంది. అది ఇంజిను ఉన్న బండి కోసం కట్టింది.

మన దేశ ప్రమాణాల ప్రకారం ర్యాంపు వాలు 1:12 మించకూడదు. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. బాబాయి ఇంటి గేటు రోడ్డుకి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. 1:12 కావాలంటే 3.6 మీటర్ల ర్యాంపు ఉండాలి. ఉన్నది 1.2 మీటర్లు. అంటే 1:4.

ఇప్పుడు 84 కిలోలని పైకి తీసుకెళ్దాం. నున్నటి చదును నేల మీద కుర్చీని దొర్లించడానికి మొత్తం బరువులో ఒకటిన్నర శాతం బలం కావాలనుకుంటే అది కిలో పావు. 1:12 వాలు మీద దానికి 84లో పన్నెండో వంతు, అంటే 7 కిలోలు కలుస్తుంది. 1:4 మీద నాలుగో వంతు, 21 కిలోలు. రింగు చక్రం కన్నా చిన్నది కాబట్టి చేతికి ఇంకో 15 శాతం ఎక్కువ పడుతుంది. రెండు చేతులకీ పంచితే, ఆపకుండా తోస్తున్నట్టు లెక్కలో చదును మీద ఒక్కో చేతికి ముప్పావు కిలో, 1:12 మీద దాదాపు 5 కిలోలు, ఆ గేటు ర్యాంపు మీద 13 కిలోలు. నిజానికి చెయ్యి సగం సమయమే రింగు మీద ఉంటుంది. కాబట్టి తోసే క్షణంలో పడేది దానికి రెట్టింపు, ఒక్కో చేతికి పాతిక కిలోలు.

పైగా వాలు మీద ఊపు ఉండదు. చెయ్యి వదిలితే కుర్చీ వెనక్కి జారుతుంది. అందుకే ఎవరూ చెప్పకపోయినా ర్యాంపు మీద చాలామంది చెయ్యి ఆర్క్‌కి మారిపోతుంది. కిందినుంచి తిప్పుకొచ్చే టైమ్ ఉండదు, రింగుని వెంటనే అందుకోవాలి. ఈ సందర్భంలో ఆర్క్ తప్పు కాదు, అదొక్కటే దారి. అర్ధవృత్తమా ఆర్కా అని ఎవరైనా అడిగితే, ఏ నేల మీద అని తిరిగి అడగాల్సి వచ్చేది ఇందుకే.

రోడ్డు పక్కవాలు కూడా తక్కువదేమీ కాదు. వాననీరు పోవడానికి రోడ్డు అంచు కాలవ వైపు వంగి ఉంటుంది. కుర్చీ అటే లాగుతుంది. దాన్ని తిన్నగా నడపడానికి పల్లం వైపున్న చెయ్యి ఎక్కువ తోయాలి. బాబాయి రోజూ పాలబూత్‌కి వెళ్లేది రోడ్డు ఎడమ అంచున. పల్లం వైపుండేది ఎడమ చెయ్యే, కానీ నొప్పి కుడి భుజంలో. ఎందుకా అని కొన్నాళ్లు తల పట్టుకున్నాం. జవాబు రోడ్డు మీద కాదు, మంచం దగ్గర దొరికింది.

తోయడం కన్నా బరువైన పనులు

మంచం మీంచి కుర్చీలోకి మారేటప్పుడు ఒంటి బరువులో పెద్ద భాగం చేతుల మీద పడుతుంది. చేతి ఎముక తల పైకి తోసుకొచ్చి, ఇందాకటి సందుని నేరుగా నొక్కుతుంది. భుజం కీలు మీద పడే బలాన్ని లెక్కగట్టిన అధ్యయనాల్లో, చదును మీద తోయడం కన్నా ఇలా మారడమూ, కూర్చున్నచోట చేతుల మీద ఒళ్లు పైకెత్తడమూ చాలా ఎక్కువ భారం వేస్తాయని తేలింది. బాబాయి మంచం గోడకి ఆనించి ఉంది. పదకొండేళ్లుగా రోజుకి పది పన్నెండుసార్లు మారేది ఒకే వైపు. ఒళ్లు మోసేది ప్రతిసారీ కుడి చెయ్యే.

ఒళ్లు పైకెత్తే అలవాటు ఒత్తిడి పుళ్లు రాకుండా ఉండటానికి. స్పర్శ లేని చర్మం మీద గంటల తరబడి కూర్చుంటే పుండ్లు పడతాయి, అవి ప్రాణం మీదికి తెస్తాయి. ఒకప్పుడు అందరికీ నేర్పింది చేతులతో లేవమనే. ఇప్పుడు చాలామంది ఫిజియోలు ముందుకి వంగి మోకాళ్ల మీద ఆనడం, పక్కకి ఒరగడం నేర్పుతున్నారు. చర్మానికి ఊపిరాడుతుంది, భుజం మీద భారం పడదు. అయితే నడుం పట్టు బొత్తిగా లేనివాళ్లు వంగితే మళ్లీ లేవలేరు. అందరికీ ఒకే మాట చెప్పలేకపోవడానికి కారణం అది.

వ్యాయామం మీద అనుమానాలు తక్కువ. 2011లో అమెరికాలో భుజం నొప్పి ఉన్న 80 మంది వీల్‌చెయిర్ వాడేవాళ్లతో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక గుంపుకి 12 వారాల పాటు ఇంట్లోనే భుజం వెనక కండరాల్ని బలపరిచే వ్యాయామాలు, తోసే తీరులో మారే తీరులో సవరణలు నేర్పారు. వాళ్ల నొప్పి బాగా తగ్గింది. రెండూ కలిపి నేర్పారు కాబట్టి ఏది ఎంత పని చేసిందో విడదీయడం కష్టం. అరిగిన భుజానికి ఇంకా పని చెప్పడమా అని పిన్ని మొదట భయపడింది. పని చెప్పేది ఇన్నాళ్లూ పని లేక మెత్తబడ్డ కండరాలకి అని ఫిజియో చూపించాక ఒప్పుకుంది.

ఇక మోటారు. కుర్చీకి ముందు తగిలించుకునే మోటారు బండ్లు ఇప్పుడు మన దగ్గరా దొరుకుతున్నాయి. బయట కిలోమీటర్ల కొద్దీ తిరిగేవాళ్ల భుజాలకి అవి నిజంగా వరం. ఇంట్లో మాత్రం తోయక తప్పదు. పూర్తిగా మోటారు మీదికి మారితే ఒంట్లో మిగిలిన కాస్త కసరత్తూ పోతుందని, బరువు పెరుగుతుందని, ఆ బరువే మంచం దగ్గర భుజం మీద పడుతుందని కొందరు డాక్టర్లు వారిస్తారు. నొప్పి ముదిరాక ఆలోచించే కన్నా ముందే మారడం మేలని ఇంకొందరు అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. వయసు, నొప్పి ఎంత ముదిరింది, రోజుకి ఎంత దూరం తిరుగుతారు అన్నవే తేడా తెస్తాయి.

ఇరుసు ఏ రంధ్రంలో

కిందటేడాది బాబాయికి కొలతకి చేయించిన కుర్చీ వచ్చింది. సీటు 15 అంగుళాలు, ఇరుసుకి నాలుగు రంధ్రాలు. ఫిజియో ఇంటికొచ్చి ఇరుసుని మూడో రంధ్రం దాకా ముందుకి జరిపి, బయటికి తీసుకెళ్లి గేటు ర్యాంపు ఎక్కించి చూశాడు. ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. వెనకనుంచి పట్టుకోకపోతే పడేవాడు. వెనక్కి పడకుండా బిగించే చిన్న చక్రాలు పెడితే, అంత నిటారు ర్యాంపు మొదట్లోనే అవి రోడ్డుకి తగిలి కుర్చీ ఎక్కలేదు. చేసేది లేక ఇరుసుని మొదటి రంధ్రంలోకి వెనక్కి జరిపాడు. ఆ రోజు సుద్ద పూసి కొలిస్తే మరక 38 సెంటీమీటర్లు. పాతదానికన్నా మేలే, కానీ చెయ్యి ఇంకా రింగు పైనుంచే తిరిగి వస్తోంది.

ఇంట్లో, టైల్స్ మీద, రోజుకి వేలసార్లు చెయ్యి ఎలా కదలాలో నిర్ణయిస్తున్నది బయటున్న నాలుగడుగుల సిమెంటు వాలు అని అప్పుడు అర్థమైంది. దాన్ని ఆయన ఎక్కేది రోజుకి రెండుసార్లు.

రోడ్డు మీదికి 3.6 మీటర్లు తేవడానికి గల్లీ చాలదు. మేస్త్రీ గేటు లోపలికి వచ్చి, పార్కింగ్‌లో కాంపౌండ్ గోడ వెంబడి మలుపు తిరిగేలా గీత గీశాడు. గేటు మట్టం రోడ్డుకి దించి, లోపల గోడ పొడవునా వాలు పోశారు. స్కూటరు పెట్టే చోటు పోయింది, అది ఇప్పుడు పక్కింటివాళ్ల ముందు ఉంటోంది. సిమెంటు ఆరాక ఇరుసు మళ్లీ మూడో రంధ్రంలోకి వెళ్లింది, వెనక చిన్న చక్రాలు ఎక్కడా తగల్లేదు. మంచం కూడా గోడకి దూరంగా జరిపారు. ఇప్పుడు ఒక పూట కుడివైపు నుంచి, ఒక పూట ఎడమవైపు నుంచి మారుతున్నాడు.

నొప్పి పూర్తిగా పోలేదు. బీరువా పైఅర ఇప్పటికీ అందదు. మొన్న ఉగాదికి వెళ్లినప్పుడు ఆయనే సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు, "కొలువు" అన్నాడు. పదకొండు గంటల దగ్గర మొదలైన మరక రెండు దాటి కిందికి వెళ్లింది. 45 సెంటీమీటర్లు.